గేటుకు పూర్వాపరాలు

యంత్రానికి ముందుగా పూర్వాపరాలు చెప్పనిదే ఏ పనీ అప్పగించరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరం కాస్త నొచ్చుకున్నాం. మా గండ్లవారిపాలెం మిర్చి యార్డులో నేను సీనియర్ అసిస్టెంటుని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాను, తెల్లబడ్డా ఇక్కడే ఉన్నాను. ఇన్నేళ్లలో ఫలానా పని ఇందుకు చేస్తున్నాం, ఇలా చేయాలి అని నాకు చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు. "ఫైలు చూసుకో" అనేవారు. ఫైలెక్కడుందని అడిగితే "అదీ నేనే చెప్పాలా" అనేవారు. నిన్నగాక మొన్న పుట్టిన యంత్రానికి ఇంత మర్యాద ఏమిటని నాకు ఒళ్లు మండిన మాట నిజం.

అసలు గొడవ గేటుతో వచ్చింది. సీజన్లో రైతులు మిర్చి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ట్రాక్టర్ల మీద వేసుకుని బారులు తీరతారు. వాచ్‌మన్ బాజీ ఒక ఈల వేస్తే బండి లోపలికి రావాలి, ఇంకో ఈల వేస్తే ఆగిపోవాలి. రెండు ఈలలూ ఒకేలా వినిపించేవి కాబట్టి వచ్చేవాళ్లు వచ్చేవారు, ఆగేవాళ్లు ఆగేవారు, మధ్యలో తిట్లు నడిచేవి. ఇక మీదట గేటు తనంతట తానే తెరుచుకుని, టోకెన్ తనే ఇచ్చి, బండిని కాటా దగ్గరికి తనే పంపాలని పెద్దలు నిర్ణయించారు. ఆ గేటును నడిపే స్క్రిప్టు, అంటే కంప్యూటరు ఆదేశాలు, రాయడానికి ఒక ఏఐ ఏజెంటును పంపారు. మా యార్డులో ఏజెంట్లకు ఎప్పుడూ కొదవ లేదు గానీ, కమీషన్ తీసుకోని ఏజెంటు రావడం అదే మొదలు.

దాన్ని వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి హిమబిందు అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే విషయం చెప్పింది.

"సార్, దీనికి ప్రపంచంలో సంగతులన్నీ తెలుసు. మీ యార్డు సంగతి మాత్రం ఒక్క ముక్క తెలీదు. అందుకే స్క్రిప్టు రాసే ముందు దీనికి కాంటెక్స్ట్, అదే పూర్వాపరాలు, ఇవ్వాలి. లోపలికొచ్చే గేటు ఏది, బయటికెళ్లేది ఏది, లోపల ఎన్ని ట్రాలీలు పడతాయి, కాటా ఎప్పుడు మొదలవుతుంది, ఏం జరగాలి, ఏం జరగకూడదు. అంతే. మామూలు మాటల్లో రెండు పేజీలు రాసిస్తే చాలు."

మా యార్డు కార్యదర్శి కోదండపాణి గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. అవమానం జరిగినప్పుడు ఆయన అలాగే చేస్తారు.

"రెండు పేజీలా? అమ్మాయ్, మా శిలాఫలకం మీద పేర్లు రాయడానికే రెండు పేజీలు చాలవు."

"శిలాఫలకం దానికి అక్కర్లేదు సార్."

"దానికి అక్కర్లేకపోవచ్చు. ఫలకం మీద ఉన్నవారికి అక్కర."

హిమబిందు ఇంకో రెండుసార్లు తుమ్మి, ఏ అవసరమొచ్చినా ఫోన్ చేయమని నా చేతిలో నంబరు పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు పూర్వాపరాల సమర్పణ కమిటీ ఏర్పడింది. ఆ రోజు నేను సెలవులో ఉండటం వల్ల నన్ను కన్వీనరుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

పిల్ల చెప్పిన మాట నాకు సబబుగానే తోచింది. గేటు దగ్గరికి వెళ్లి నిలబడి, చూసినదంతా రాసుకొచ్చి కార్యదర్శి గారి బల్ల మీద పెట్టాను. తూర్పు గేటు లోపలికి, పడమటి గేటు బయటికి, కాటా పొద్దున్నే మొదలు, ఇలా. ఆయన మొదటి వాక్యం దగ్గరే వేలు పెట్టారు.

"తూర్పు గేటు లోపలికి అని రాశారు. ఆధారం?"

"కళ్లతో చూశాను సార్."

"మీరు చూసినట్లు ధ్రువీకరించినవారెవరు?"

"రోజూ కొన్ని వందల మంది రైతులు అటే వస్తారు సార్."

"వారు అలవాటు కొద్దీ వచ్చుచున్నారు. ఉత్తర్వు మేరకు వచ్చుచున్నారని చెప్పలేం కదా." ఆయన నా కాగితాలు మడిచి, వాటి మీద టీ గ్లాసు పెట్టారు. తర్వాత స్టెనోను పిలిచి నిబంధన చెప్పారు. "లిఖితపూర్వకమై, సంతకము మరియు ముద్ర కలిగినది మాత్రమే పూర్వాపరముగా పరిగణించబడును. నోటిమాటలు, కంటిచూపులు, అలవాట్లు పూర్వాపరములు కానేరవు. ఈ నిబంధనను ఏజెంటుకు అన్నిటికంటే ముందు సమర్పించవలెను."

ఆ ప్రకారం అన్నిటికంటే ముందు దాన్నే సమర్పించాం. తర్వాత బీరువాలు తెరిచాం. యార్డు పుట్టినప్పటి నుంచి కార్యదర్శులు జారీ చేసిన సర్క్యులర్లన్నీ బయటికి వచ్చాయి. వాటిలో కాపురముంటున్న బొద్దింకలూ వచ్చాయి. సంతకాలున్నవీ ముద్రలున్నవీ ఏరి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కొక్కటే యంత్రానికి అందించాం. కార్యదర్శి గారు పట్టుపంచె కట్టుకుని తొలి కాగితాన్ని స్వయంగా స్కాన్ చేశారు. అది తలకిందులుగా పెట్టారని నేను చెప్పబోయి మానుకున్నాను.

అంతా మింగాక ఏజెంటు వినయంగా ఒక ప్రశ్న వేసింది. లోపలికి వచ్చే గేటు ఏది?

"ఇదివరలో సమర్పించిన పూర్వాపరములను పరిశీలించుడు," అని జవాబు చెప్పించారు కార్యదర్శి గారు.

లోపల ఎన్ని బండ్లు పడతాయని రెండో ప్రశ్న వేసింది. దానికీ అదే జవాబు పంపాం. యార్డు ఏయే రోజుల్లో తెరిచి ఉంటుందో చెప్పగలరా అని మూడోసారి అడిగేసరికి ఆయనకు కోపం వచ్చింది.

"సెలవుల సర్క్యులర్లన్నీ ఇచ్చాం కదయ్యా! అవి పోను మిగిలినవి తెరిచి ఉండు రోజులని చిన్నపిల్లవాడైనా గ్రహించును. కింది స్థాయి సిబ్బంది ఇన్ని ప్రశ్నలు వేయరాదని దానికి తెలియజేయుడు."

తెలియజేశాం. అది ఇంక ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఉద్యోగంలో కుదురుకుందని అందరం సంతోషించాం.

ప్రారంభోత్సవానికి ఒక పెద్దాయన వచ్చారు. షామియానా, సన్నాయి, గేటుకు అడ్డంగా రిబ్బను. పాత గేటు తాళంచెవికి బంగారు పూత వేయించి, అద్దాల పెట్టెలో పెట్టి ఆయనకు జ్ఞాపికగా ఇచ్చాం. బాజీని గేటు సలహాదారుగా నియమించి ఈల స్వాధీనం చేసుకున్నాం. షామియానా వెనకాల, రోడ్డు మీద, ట్రాక్టర్ల వరుసలో అందరికంటే ముందున్నది రాహేలమ్మ బండి. ఆమెది పల్నాడు లోపలి ఊరు. కౌలుకు తీసుకున్న చేలో తేజ రకం మిరప వేసి, ఏడాది పంటంతా ఆ ఒక్క ట్రాలీకి ఎక్కించుకుని వచ్చింది. తడవకుండా, రంగు పోకుండా ఆ కాయ కాటా ఎక్కితేనే ఆమెకు ఆ ఏడాది గడిచేది.

పెద్దాయన రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టాం. గేటు కదల్లేదు. గేటు మీది బోర్డులో ఎర్రటి అక్షరాలు పరుగెత్తాయి.

"ఇందుమూలముగా సమస్త రైతు సోదరులకు తెలియజేయునది ఏమనగా, సరుకు రాకలు అధికముగా ఉన్నందున నేడు యార్డుకు సెలవు. రాకలు తగ్గిన పిదప యార్డు యథావిధిగా పనిచేయును."

కార్యదర్శి గారి కళ్లు చెమర్చాయి. "చూశారా భాష! అచ్చం నేను రాసినట్లే రాసింది!"

కార్యక్రమం ఇంతే కాబోలని పెద్దాయన ఇంకోసారి చప్పట్లు కొట్టి, ఊచల్లోంచి లోపలికి తొంగిచూసి, యార్డు చాలా పరిశుభ్రంగా ఉందని మెచ్చుకుని కారెక్కారు. రాహేలమ్మ ట్రాలీ దిగి రెండడుగుల్లో నా దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా ఇది? రిబ్బను కోశారు సరే, గేటు తియ్యరా?"

"ఇవాళ సెలవమ్మా."

"సెలవు రోజున పండగ చేసి మమ్మల్ని ఎందుకు రమ్మన్నారు మరి?"

 హిమబిందుకు ఫోన్ చేశాను. ఆ పిల్ల కాసేపు అన్నీ తిరగేసి చూసి, నిట్టూర్చింది.

"అంకుల్, స్క్రిప్టులో తప్పేం లేదు. మీరిచ్చిన దాన్నిబట్టి కరెక్టుగానే రాసింది. మీరిచ్చిన కాగితాలన్నీ మూసేస్తున్నాం, మూసేస్తున్నాం అనే ఉన్నాయి. ఎండలని, రాకలు ఎక్కువని, నిల్వలని, పండగని, ఎన్నికలని, హమాలీల సమ్మె అని. తెరుస్తున్నాం అని చెప్పే కాగితం ఒక్కటంటే ఒక్కటి లేదు. మీ యార్డు పనే సెలవివ్వడం అనుకుంది పాపం."

అప్పుడు నాకు వెలిగింది. నిజమే. యార్డు తెరిచిన రోజున ఎవడూ కాగితం రాయడు. బాజీ వచ్చి గేటు తీస్తాడు, బండ్లు వస్తాయి, కాటాలు పడతాయి, పొద్దుపోతుంది. మూసినప్పుడే మాకు కలమూ కాగితమూ ముద్రా గుర్తుకొస్తాయి. మేం చేసే పని మా కాగితాల్లో ఎక్కడా లేదు. చేయని పని మాత్రం సంతకాలతో సహా భద్రంగా ఉంది.

"ఏం లేదంకుల్, ఒక్క లైను టైప్ చేయండి. సెలవు రోజులు తప్ప రోజూ పొద్దున్నే తూర్పు గేటు తెరవాలి అని. రెండు నిమిషాల పని."

నేనే కూర్చుని టైప్ చేశాను. ఏజెంటు క్షణంలో జవాబిచ్చింది. "తమరు పంపిన సమాచారము సంతకము మరియు ముద్ర లేనందున పూర్వాపరముగా పరిగణించబడలేదు. ఆధారము?"

పరుగున కార్యదర్శి గారి దగ్గరికి వెళ్లి సంతకం పెట్టమన్నాను. ఆయన నిబంధనల పుస్తకం తెప్పించారు.

"సెలవు ప్రకటించు అధికారం కార్యదర్శికి కలదు. తెరుచుటకు అధికారం కలదని ఎక్కడా లేదే! ఇప్పటిదాకా ఏ అధికారంతో తెరిచాం మనం?"

"బాజీ తీసేవాడు సార్."

"ఇన్నేళ్లు అనధికారికంగా నడిచిందన్నమాట. ఈ మాట బయట అనకండి." అని ఆయన గొంతు తగ్గించి, గేటు తెరుచుటకు అనుమతి కోరుతూ పైకి లేఖ రాయించారు.

పైనుంచి జవాబు రావడానికి వాళ్లకు పట్టాల్సిన సమయం పట్టింది. "యార్డు సాధారణముగా తెరిచియుండునని భావించబడుచున్నది. కావున తెరుచుటకు ఉత్తర్వు జారీ చేయు ఆనవాయితీ లేదు. అయిననూ మూసియున్నచో అందులకు గల కారణములు తెలుపుడు." కారణములు బోర్డు మీద కలవని మేం తిరిగి రాశాం. ఏ బోర్డు అని వాళ్లు అడిగారు. ఉత్తరాలు మాత్రం యథావిధిగా నడిచాయి.

ఈలోగా గేటు తన పని తాను చేసుకుపోయింది. దాని నెత్తిమీద కెమెరా ఉంది. బయట ఎన్ని ట్రాక్టర్లు ఉన్నాయో అది లెక్కపెడుతుంది. ఎక్కువుంటే రాకలు అధికమని సెలవు ఇస్తుంది. సెలవు ఇవ్వడంతో బయట ఇంకా ఎక్కువవుతాయి. ఎక్కువైన కొద్దీ సెలవు మరింత గట్టిపడుతుంది. వరుస బస్టాండు దాటి, పెట్రోలు బంకు దాటి, కాలువ గట్టు ఎక్కింది. వెనక్కి వెళ్దామంటే వరుసలో చోటు పోతుందని ఒక్కరూ కదల్లేదు. రోడ్డు పక్కనే రాళ్లు పెట్టి వండుకున్నారు, ట్రాలీల కిందే పడుకున్నారు.

ఒక రోజు మధ్యాహ్నం గాలి మారింది. పడమటి దిక్కున మబ్బు లేచింది. రాహేలమ్మ ఇంక ఆగలేక, గేటు బయటే ఉన్న మా ఆఫీసులోకి, నేరుగా కార్యదర్శి గారి గదిలోకి వచ్చేసింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"అయ్యా, మబ్బు పట్టింది. మీ లోపల రేకుల షెడ్లు ఖాళీగా పడున్నాయి. కాటా వద్దు, ధర వద్దు, ముందు బండ్లు లోపలికి రానియ్యండి. పైన కప్పే పట్టా ఒక్కటే ఉంది నా దగ్గర, అదీ చిరుగులు. కాయ తడిసిందంటే తెల్లారేసరికి బూజు పట్టుద్ది. రంగు పోయిన తాలు కాయ కింద గూడా కొనరు."

"అమ్మా, మీ ఆవేదన మా దృష్టికి వచ్చినది. తగు చర్య నిమిత్తం పైకి నివేదించియున్నాము."

"పైకి నేనూ నివేదిస్తానే ఉన్నానయ్యా పొద్దున్నించి. ఆ పైవాడూ ఆగేట్టు లేడు. ఒక్క గడ్డపార ఇప్పించండి, గేటు సంగతి మేం చూసుకుంటాం."

"ప్రభుత్వ ఆస్తిపై గడ్డపార!" అని కార్యదర్శి గారు కుర్చీలోంచి లేచారు. "పైగా ఇప్పుడు అసలు తెరవరాదు. ఇటు చూడండి."

ఆయన బల్ల మీద ఆ ఉదయమే వచ్చిన ప్రశంసాపత్రం ఉంది. ఆ నెలలో లోపల ఒక్క తోపులాట గానీ, ఒక్క ఫిర్యాదు గానీ, కాటా దగ్గర ఒక్క తగవు గానీ లేనందున గండ్లవారిపాలెం యార్డును ఉత్తమ రద్దీరహిత యార్డుగా ఎంపిక చేశారట.

"తెరిస్తే రద్దీ వచ్చును కదమ్మా," అన్నారాయన, బడి పిల్లకు చెప్పినట్టు.

నేను బయటికి వచ్చి హిమబిందుకు మళ్లీ ఫోన్ చేశాను. మీరే అక్కడి నుంచి గేటు తెరవండమ్మా, వాన వచ్చేస్తోంది అన్నాను.  తెరవడం చిటికెలో పనే అంకుల్, కానీ మీ కార్యదర్శి గారు ఓకే అని మెయిల్ పెట్టాలి, లేకపోతే నా ఉద్యోగం పోతుంది అంది. ఆ మాట అంటూ ఆ పిల్ల ఏడ్చింది. మెయిల్ పెట్టమని నేను ఆయన్ని బతిమాలాను, చేతులు పట్టుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఈ విషయమై కమిటీని సమావేశపరచవలసిందిగా కన్వీనరును కోరారు. కన్వీనరును నేనే.

వాన మొదలైంది. జల్లుగా కాదు, కుమ్మరించింది. పట్టాలు ఉన్నవాళ్లు కప్పారు, లేనివాళ్లు చీరలు, దుప్పట్లు, ఎరువు సంచులు, ఏది దొరికితే అది కప్పారు. రాహేలమ్మ చిరిగిన పట్టా మీద తనే పడుకుని రెండు చేతులతో అంచులు పట్టుకుంది. గేటు ఊచలకు అవతల మా రేకుల షెడ్లు పొడిగా, నున్నగా, పెళ్లికి అలికిన వాకిలిలా ఉన్నాయి. బోర్డు మీద సెలవు అక్షరాలు వానలోనూ ఆగకుండా పరుగెత్తాయి. ట్రాలీల కిందనుంచి ఎర్రటి నీళ్లు కారి రోడ్డు వెంబడి కాలువలోకి పోయాయి. నేను ఆఫీసు వరండాలో పొడిగా నిలబడి చూశాను. జీతం తీసుకున్నందుకు నాకు అంత అసహ్యం ఇంతకు ముందెన్నడూ కలగలేదు.

తెల్లారేసరికి వాసన మారింది. వాన తెరిపిచ్చేసరికి కొనేవాళ్లు రోడ్డు మీదికే వచ్చారు. తడిసిన కాయను కాళ్లతో కదిపి చూసి, పెదవి విరిచి, దయతలిచినట్టు ఏదో ధర చెప్పారు. ఇచ్చేవాళ్లు ఇచ్చారు. ఇవ్వనివాళ్లు కాలువ గట్టు మీద పారబోసుకుని ఇంటిదారి పట్టారు. వరుస కరిగింది. మధ్యాహ్నానికి రోడ్డు మీద ఒక్క ట్రాక్టరు మిగిలింది. బూజు పట్టిన కాయ రోడ్డు పక్కనే పారబోసి, ఖాళీ ట్రాలీతో ఉన్న ఆ బండి రాహేలమ్మది. అందరికంటే ముందు వచ్చింది కదా, వెనకున్న వాళ్లంతా కదిలితే గానీ ఆమె బండి తిరగడానికి చోటు రాలేదు.

అప్పుడు గేటు తెరుచుకుంది.

చప్పుడు లేకుండా, ఎంతో మర్యాదగా, రెండు రెక్కలూ పక్కకు జరిగాయి. "రాకలు తగ్గినందున యార్డు యథావిధిగా పనిచేయుచున్నది. రైతు సోదరులకు సుస్వాగతం," అని బోర్డు చెప్పింది. సన్నాయి కూడా వినిపించింది, ఎవరో రికార్డు చేసి ఇచ్చినట్టున్నారు. కార్యదర్శి గారు ఫోటోగ్రాఫర్ను వెంటేసుకుని పరుగెత్తుకొచ్చారు.

"తెరుచుకుంది! చూశారా, తనంతట తానే తెరుచుకుంది! మొదటి లబ్ధిదారును లోపలికి రమ్మనండి!"

రాహేలమ్మ గేటు వైపు చూసింది. తర్వాత డ్రైవరుతో ఏదో చెప్పింది. ఖాళీ ట్రాలీ గడగడలాడుతూ లోపలికి వచ్చింది. టోకెన్ గేటు దానంతట అదే ఇచ్చింది. దారి దానంతట అదే చూపించింది. కాటా మీద బండి ఆగితే సరుకు లేదని రసీదు కూడా దానంతట అదే ఇచ్చింది. ఒక్క తప్పు చేయలేదు. కార్యదర్శి గారు ఆమె మెడలో దండ వేసి, కెమెరా వైపు తిరిగి నిలబడమన్నారు.

"ఎట్లా ఉందమ్మా మన యార్డు? నీ అభిప్రాయం చెప్పు."

ఆమె చుట్టూ చూసింది. ఊడ్చిన నేల, ఖాళీ షెడ్లు, మచ్చలేని కాటాలు.

"బాగుందయ్యా," అంది. "మేం లేకపోతే శానా బాగుంది."

ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. కార్యదర్శి గారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"విన్నారా! స్వయంగా రైతు నోటి నుంచి! దీనిని లిఖితపూర్వకంగా తీసుకోండి. సంతకం పెట్టించండి. నేను ముద్ర వేస్తాను."

కాగితం మీద ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. ఆమె సంతకం పెట్టి, దండ తీసి టోకెన్ మిషన్ మీద తగిలించి, బండెక్కి వెళ్లిపోయింది. కార్యదర్శి గారు ముద్ర వేసి, ఆ కాగితాన్ని తన చేతులతోనే యంత్రానికి సమర్పించారు. ఏజెంటు ఈసారి ఆధారమేమిటని అడగలేదు. స్వీకరించబడినదని చెప్పి, గేటు స్క్రిప్టును మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.